ఎక్స్చేంజ్ ముగించుకుని ఇంటికొచ్చాక భాష నిలబెట్టుకోవడానికి అంకీ: ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

ఏడాదో ఆరు నెలలో వేరే దేశంలో ఒక కుటుంబంతో కలిసి ఉండి, అక్కడి బడికో కాలేజీకో వెళ్లి తిరిగొచ్చిన విద్యార్థి చేతిలోంచి ముందుగా జారేది భాష. సూట్‌కేసు ఖాళీ చేసేలోపే వదిలేసిన సిలబస్, రాయాల్సిన పరీక్షలు మీద పడతాయి. అక్కడ పొద్దున లేచినప్పటి నుంచి చెవిలో మోగిన భాషను ఇక్కడ పలికేవాళ్లు ఒక్కరూ ఉండరు. అయినా అది పోతోందని చాలాకాలం తెలియదు. సినిమా పెడితే అర్థమవుతుంది, మెసేజ్ వస్తే చదవగలరు. హోస్ట్ అమ్మ ఫోన్ చేసినప్పుడు మాత్రం నోరు పెగలదు. విని గ్రహించడం కంటే సొంతంగా అనగలగడమే ముందు పోతుంది.

బడిలో స్పానిష్ చదువుకున్నవాళ్లను 50 ఏళ్ల తర్వాత దాకా పరీక్షించి హ్యారీ బారిక్ అనే మనస్తత్వవేత్త 1984లో ఒక అధ్యయనం ప్రచురించారు. మరుపు ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరేళ్లలోనే జరుగుతుందనీ, ఆ గండం దాటి మిగిలింది ఇంచుమించు 30 ఏళ్ల పాటు చెక్కుచెదరకుండా ఉంటుందనీ అందులో తేలింది. తిరిగొచ్చిన విద్యార్థి పట్టించుకోవాల్సింది ఆ మొదటి కొన్నేళ్లనే. ఆ కాలంలో రోజుకు ఏడెనిమిది నిమిషాలతో ఏం నిలబెట్టుకోవచ్చన్న కొలతతోనే ఇక్కడ అంకీని చూస్తున్నాం. కొత్త భాష నేర్చుకునే సాధనంగా దాన్ని ఎలా వాడాలన్నది వేరే సంగతి.

అంకీ ఫ్లాష్‌కార్డుల ప్రోగ్రామ్. డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేశారు. కార్డుకు ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉంటాయి. జవాబు చూశాక అగైన్, హార్డ్, గుడ్, ఈజీ అనే నాలుగు బటన్లలో ఒకటి నొక్కితే, ఆ కార్డు మళ్లీ ఎప్పుడు కనిపించాలో అదే లెక్క వేస్తుంది. గుర్తున్నది దూరం జరుగుతుంది, మరిచిపోయింది దగ్గరకొస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్‌లలో ఉచితం. ఆండ్రాయిడ్‌లో అంకీడ్రాయిడ్ పేరుతో వేరే స్వచ్ఛంద బృందం నడిపే ఉచిత యాప్ ఉంది. ఐఫోన్‌లో మాత్రం ఒకసారి డబ్బు కట్టి కొనాలి, నెలనెలా చందా ఉండదు. కొనడం కుదరకపోతే ఫోన్ బ్రౌజర్‌లో అంకీవెబ్ అనే సైట్ తెరిచి ఉచితంగానే కార్డులు తిప్పుకోవచ్చు. యాప్ స్టోర్లలో ఇదే పేరుతో మొదలయ్యే వేరే యాప్‌లు కొన్ని ఉన్నాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు. అంకీ అధికారిక సైట్‌లోని లింకుల నుంచే దింపుకోండి.

చాలామంది మొదటి రోజే చేసే పని ఎవరో తయారుచేసిన ఐదారు వేల పదాల డెక్, అంటే కార్డుల కట్ట, దింపుకోవడం. తిరిగొచ్చినవాళ్లకు అది దాదాపు పనికిరాదు. అందులో సగం మీకు నిద్రలో లేపి అడిగినా తెలిసినవే, మిగతా సగం మీరు అక్కడ ఒక్కసారి కూడా వినని పదాలు. మీరు నిజంగా పోగొట్టుకుంటున్నవి అందులో ఉండవు. జపాన్‌లోని ఒసాకాలో ఉండి వచ్చినవాళ్లు ఇంట్లో విన్నది కాన్సాయ్ మాండలికం, డెక్‌లో ఉండేది టోక్యో భాష. ఆస్ట్రియాలోనో స్విట్జర్లాండ్‌లోనో ఉండి వచ్చినవాళ్లకు జర్మన్ డెక్‌లతో ఇదే ఇబ్బంది. పోగా మిగిలేది పుస్తకాల భాష, అది పుస్తకాల్లో ఎప్పటికీ దొరుకుతూనే ఉంటుంది. మీరు ఉన్న ఇంటి మాట అలా కాదు.

కాబట్టి డెక్ సొంతంగా తయారుచేసుకోవాలి. అదీ తిరిగొచ్చిన మొదటి నెలలోనే. ఆ తర్వాత ఏ వాక్యం ఎవరన్నారో, ఏ సందర్భంలో అన్నారో మసకబారుతుంది, సందర్భం పోయిన వాక్యం కార్డుగా నిలవదు. సరుకంతా మీ ఫోన్లోనే ఉంది. హోస్ట్ కుటుంబంతో నడిచిన వాట్సాప్ చాట్ తెరిచి, మెనూలో ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కండి. మీడియా లేకుండా అంటే మాటలన్నీ ఒక టెక్స్ట్ ఫైలుగా వస్తాయి, మీడియాతో అంటే వాయిస్ మెసేజ్‌లు కూడా వస్తాయి. అక్కడి బడి నోట్సు, గోడల మీది నోటీసుల ఫొటోలు, బస్సు టికెట్లు కూడా బయటికి తీయండి. వీటన్నిటిలోంచి 150 నుంచి 200 వాక్యాలు ఏరితే చాలు. ఏరేటప్పుడు ఒక్కటే పరీక్ష: చదివితే అర్థమవుతుంది గానీ పేజీ మూసి సొంతంగా అనమంటే తడబడతారా? అలాంటి వాక్యమే కార్డు కావాలి. తడబాటు లేకుండా వచ్చేదాన్ని వదిలేయండి.

ఏ రకం మాటలు ముందు పోతాయో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే కార్డులు వాటి మీదే ఎక్కువ పెట్టాలి. వస్తువుల పేర్లు బాగానే నిలుస్తాయి. పోయేవి వాక్యంలో ఇమిడిపోయే చిన్న మాటలు. జర్మన్‌లో మాల్, దోఖ్, హాల్ట్ లాంటివి. ఇవి లేకపోయినా వాక్యం తప్పు కాదు, కానీ వినేవాళ్లకు కటువుగా తగులుతుంది. తర్వాత అంకెలు. కాగితం మీద చూస్తే ఇబ్బంది లేదు గానీ, ఎవరైనా వేగంగా ఫోన్ నంబరు చెబితే చెయ్యి ఆగిపోతుంది. ఒకట్ల స్థానాన్ని ముందు పలికే జర్మన్, 70 నుంచి 99 దాకా కూడికలతో గుణకారాలతో నడిచే ఫ్రెంచ్ ఇందులో మరీ కష్టం. జపనీస్‌లో లెక్కపెట్టే మాటలూ ఇంతే. పొడుగాటి వస్తువులు ఒకటైతే ఇప్పోన్, రెండైతే నిహోన్, మూడైతే సంబోన్. రోజూ వాడితే తప్ప ఈ మార్పులు నాలుక మీద నిలవవు. ఇక ఎవరితో ఎలా మాట్లాడాలన్నది. ఇంట్లో హోస్ట్ తమ్ముడితో వాడిన మాట టీచర్ దగ్గర వాడకూడదని అక్కడ ఉన్నన్నాళ్లూ ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. రెండేళ్లకు ఆ ఎరుక మాయమై మాట ఒక్కటే మిగులుతుంది. ఇంటర్వ్యూలోనో మౌఖిక పరీక్షలోనో అది బయటపడుతుంది. అందుకే ప్రతి కార్డుకూ ఇంట్లో, బడిలో, స్నేహితులతో, కొత్తవాళ్లతో అని ఒక ట్యాగ్ తప్పకుండా పెట్టండి.

కార్డు కట్టే పద్ధతి. అంకీలో క్లోజ్ అనే రకం ఎంచుకోండి. అందులో వాక్యం మొత్తం రాసి, దాచాల్సిన ముక్కను ఎంపికచేసి కంట్రోల్, షిఫ్ట్, సీ కలిపి నొక్కితే అది ఖాళీగా మారుతుంది. జర్మన్‌లో ‘ఇష్ రూఫె దిష్ మోర్గెన్ ఆన్’, అంటే రేపు నీకు ఫోన్ చేస్తాను అనే వాక్యం తీసుకుందాం. ఇక్కడ క్రియ రెండు ముక్కలైంది, రూఫె ఒకచోట, ఆన్ చివర. రెండు ముక్కలకూ సీ1 అనే ఒకే నంబరు ఇస్తే రెండూ ఒకే కార్డులో ఒకేసారి దాగుతాయి. సీ1, సీ2 అని వేరువేరు ఇస్తే రెండు కార్డులు తయారవుతాయి, ఒక్కో దాంట్లో రెండో ముక్క కనిపిస్తూ జవాబు పట్టిచ్చేస్తుంది. మీకు గుర్తున్నట్టే ఉంటుంది, మాట్లాడేటప్పుడు మాత్రం రాదు. విడిపోయే క్రియలున్న ఏ భాషకైనా ఇది వర్తిస్తుంది.

చిన్న మాటలను దాచేటప్పుడు సమస్య వేరు. ‘కొమ్ మాల్ హేర్’, అంటే కాస్త ఇటు రా అనే వాక్యంలో మాల్‌ను దాస్తే అక్కడ ఇంకో మాట కూడా పట్టవచ్చు. మీరు సరైనదే అన్నా కార్డు తప్పంటుంది. అందుకని జవాబు పక్కన రెండు కోలన్లు పెట్టి చిన్న సూచన రాయాలి: ఎవరన్నారు, ఏ స్వరంలో అన్నారు. ‘వంటింట్లోంచి హోస్ట్ నాన్న, మెత్తగా పిలుస్తూ’ అంటే సరిపోతుంది. ఆ సూచన ఖాళీ ఉన్న చోటే కనిపిస్తుంది. సూచన తెలుగులోనే రాయండి. వాక్యం మొత్తానికి తెలుగు అనువాదం ముందువైపు పెట్టే అలవాటు మాత్రం వద్దు. మీ మనసు అనువాదం వైపు వెళ్లకుండా నేరుగా సందర్భంలోంచి మాట పలకాలి, అక్కడ ఉన్నప్పుడు చేసింది అదే.

శబ్దం ఉన్న కార్డు విలువే వేరు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఓపస్ ఫైళ్లుగా వస్తాయి. అవి అన్ని పరికరాల్లోనూ సరిగా వినిపిస్తాయన్న నమ్మకం లేదు, అందుకే ముందే ఎంపీ3గా మార్చుకోవడం మేలు. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే అదనపు భాగం కలుపుకుంటే ఓపస్ తెరుచుకుంటుంది. మూడు నుంచి ఆరు సెకన్ల ముక్క కత్తిరించి ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేసి, కార్డు ఎడిటర్‌లో పేపర్ క్లిప్ గుర్తు నొక్కి జతచేయండి. అంతకంటే పొడుగ్గా ఉంటే ప్రతిసారీ చివరిదాకా వినరు. శబ్దాన్ని వెనకవైపు పెట్టండి, ముందు మీరు అన్నాకే అసలు గొంతు వినిపించాలి. అంకెలకు మాత్రం తలకిందులుగా శబ్దం ముందు, అంకె వెనక.

ఒక్క మాట. విమానాశ్రయంలో వచ్చిన వీడ్కోలు సందేశాలు, పుట్టినరోజు వాయిస్ మెసేజ్‌లు కార్డులు చేయకండి. కొన్నాళ్లకు ఆ గొంతు వినిపించగానే వేలు అలవాటుగా గుడ్ బటన్ మీదికి పోతుంది. దాచుకోవాల్సినవాటిని విడిగా దాచుకోండి. అలాగే హోస్ట్ కుటుంబం గొంతులున్న డెక్‌ను అంకీవెబ్‌లో అందరికీ పంచే డెక్‌గా పెట్టకండి, అవి మీకోసం పంపిన మాటలు. మామూలుగా సింక్ చేస్తే ఆ డెక్ మీ ఖాతాకే పరిమితంగా ఉంటుంది.

వాక్యాలు ఎక్సెల్‌లో చేర్చి ఒకేసారి ఎక్కించాలనుకునేవాళ్లు రెండు సంగతులు గమనించాలి. సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 రకాన్నే ఎంచుకోవాలి, మామూలు సీఎస్‌వీ అయితే ఉమ్లౌట్‌లు, యాక్సెంట్లు, జపనీస్ అక్షరాలు చెడిపోయి వస్తాయి. రెండోది, అంకీ మొదటి కాలమ్‌ను బట్టి నోట్‌ను, అంటే కార్డులు తయారయ్యే మూల వరుసను, గుర్తుపడుతుంది. ఒకే వాక్యం రెండు సందర్భాల్లో ఉండి మొదటి కాలమ్ ఒకటే అయితే, మామూలు అమరికలో రెండోది ఎక్కినప్పుడు పాతదాన్ని మార్చేస్తుంది. క్లోజ్ రకంలో వాక్యం కంటే ముందు నంబరు కోసం ఒక ఫీల్డు చేర్చి, మొదటి కాలమ్‌లో వరుస నంబరు వేస్తే ఈ బెడద ఉండదు.

ఇక సెట్టింగులు. అంకీ విడిచిపెట్టినవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రోజుకు 20 కొత్త కార్డులు అన్నది మొదట్నుంచీ ఉండే అమరిక. సమీక్షల గరిష్ఠ సంఖ్యను కొత్త కార్డుల పరిమితికి కనీసం పది రెట్లు ఉంచమని అంకీ మాన్యువల్ చెబుతుంది. అంటే 20 కొత్తవి పెట్టుకుంటే రోజూ 200 కార్డుల దాకా తిప్పడానికి సిద్ధపడాలి. తిరిగొచ్చి వెనకబడ్డ సిలబస్ అందుకునే విద్యార్థికి అది కుదరని పని. కొత్తవి 5కు దించండి. అప్పుడు రోజువారీ పని 50 కార్డుల లోపే ఉంటుంది, కార్డుకు 8 సెకన్లు వేసుకున్నా ఏడు నిమిషాలు. 200 కార్డుల డెక్ 40 రోజుల్లో మొత్తం లోపలికి వస్తుంది, ఆపైన పని ఇంకా తగ్గుతుంది.

అదే సెట్టింగుల పేజీలో ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే మీట ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో తేల్చే కొత్త లెక్క ఇది. 2023లో వచ్చిన 23.10 వెర్షన్ నుంచి ఇది అంకీలోనే ఉంది. పాత లెక్క 1980ల నాటి ఎస్ఎం-2 పద్ధతి మీద ఆధారపడింది. అందులో అగైన్ నొక్కిన ప్రతిసారీ కార్డు ఎంత వేగంగా దూరం జరగాలో చెప్పే ఈజ్ అంకె 0.20 చొప్పున, హార్డ్ నొక్కితే 0.15 చొప్పున తగ్గుతుంది. 2.5 దగ్గర మొదలైనది 1.3కు పడిపోయిందంటే ఆ కార్డు చీటికీమాటికీ ఎదురొస్తూనే ఉంటుంది, గుడ్ నొక్కినంతమాత్రాన పైకి లేవదు. కొత్త లెక్కలో ఆ ఊబి లేదు.

ఎఫ్ఎస్ఆర్ఎస్‌లో మీరు తేల్చుకోవాల్సింది ఒకే అంకె, ఎంత శాతం గుర్తుండాలని కోరుకుంటున్నారన్నది. మొదట 0.90 ఉంటుంది. చాలామంది ఉత్సాహంగా 0.95కు పెంచుతారు. ఎఫ్ఎస్ఆర్ఎస్ 4.5 వెర్షన్ సూత్రంతో లెక్కేస్తే 0.90 దగ్గర 100 రోజులకు రావాల్సిన కార్డు, 0.95 పెడితే సుమారు 46 రోజులకే వస్తుంది. పని రెట్టింపు దాటుతుంది. 0.85కు దించితే అదే కార్డు సుమారు 164 రోజులకు వస్తుంది. ఒకప్పుడు బాగా వచ్చిన భాషను నిలబెట్టుకోవడానికి 0.85 చాలు. మరిచిపోయిన కార్డు కూడా ఒక్కసారి చూడగానే తిరిగి అందుకుంటుంది, కొత్తగా నేర్చుకునే పదానికి ఆ వెసులుబాటు ఉండదు. లెర్నింగ్ స్టెప్స్‌లో, అంటే కొత్త కార్డు మొదట్లో ఎంతసేపటికి మళ్లీ రావాలన్న అమరికలో, ఒక రోజు గానీ అంతకంటే పొడుగైనవి గానీ పెట్టకండి, 10 నిమిషాల ఒక్క స్టెప్ సరిపోతుంది. నెలకోసారి ఆప్టిమైజ్ నొక్కితే లెక్క మీ జ్ఞాపకశక్తికి తగ్గట్టు సర్దుకుంటుంది.

బటన్ల దగ్గర ఒక తప్పు అన్నిటినీ పాడుచేస్తుంది: మరిచిపోయిన కార్డుకు మొహమాటపడి హార్డ్ నొక్కడం. హార్డ్ అంటే కష్టంగానైనా గుర్తొచ్చింది అని అర్థం, ఎఫ్ఎస్ఆర్ఎస్ దాన్ని పాస్ కిందే లెక్కిస్తుంది. గుర్తురానివాటికి హార్డ్ నొక్కుతూ పోతే మీకు అద్భుతంగా గుర్తున్నాయనుకుని అన్ని కార్డులనూ దూరం నెట్టేస్తుంది. గుర్తురాకపోతే అగైన్, వస్తే గుడ్. ఆ రెండిటితోనే గడిపినా నష్టం లేదు.

పరీక్షల కాలంలో నెలో రెండు నెలలో ఆగిపోవడం ఖాయం. తిరిగి తెరిచేసరికి వందల కార్డులు గుట్టపడి ఉంటాయి, చాలామంది అది చూసే యాప్ తీసేస్తారు. అక్కర్లేదు. కొత్త కార్డులను 0 చేయండి. సమీక్షల గరిష్ఠ సంఖ్యను 60కి కుదించండి. సమీక్షల వరుసలో డిసెండింగ్ రిట్రీవబిలిటీ ఎంచుకోండి, అంటే ఇంకా గుర్తుండే అవకాశం ఎక్కువున్నవి ముందు వస్తాయి. వాటిని కాపాడుకున్నాక మిగతావి. 400 పేరుకున్నా రెండు వారాల్లోపు దారికొస్తాయి. ఆలస్యమైనా గుర్తొచ్చిన కార్డుకు ఎఫ్ఎస్ఆర్ఎస్ గట్టి మార్కులే వేస్తుంది కాబట్టి, కార్డులను రీసెట్ చేసి మొదట్నుంచి మొదలుపెట్టడం చేతులారా నష్టపోవడమే.

ఖాతా విషయంలో, ఎక్స్చేంజ్ నుంచి వచ్చినవాళ్లకే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. అక్కడి బడి లేదా యూనివర్సిటీ ఇచ్చిన ఈమెయిల్‌తో అంకీవెబ్ ఖాతా తెరిచి ఉంటే, ఆ ఈమెయిల్ మూతపడకముందే సొంత ఈమెయిల్‌కు మార్చుకోండి. మూతపడ్డాక పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి తెచ్చుకునే దారి ఉండదు. ఫోన్, కంప్యూటర్ రెండిట్లోనూ వేరువేరు కార్డులుండి మొదటిసారి సింక్ చేస్తే అప్‌లోడా డౌన్‌లోడా అని అడుగుతుంది. ఒకటి ఎంచుకుంటే రెండో వైపున్నది పూర్తిగా చెరిగిపోతుంది. ముందు ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్లి మీడియాతో సహా మొత్తం కలెక్షన్‌ను ఒక ఫైలుగా దించి పెట్టుకోవాలి. అంకీలో రోజు మారేది తెల్లవారుజాము 4 గంటలకు. అక్కడి టైమ్‌జోన్‌లోనే వదిలేసిన పాత ల్యాప్‌టాప్ ఉంటే దాని గడియారం కూడా సరిచేయండి, లేదంటే రెండు పరికరాలూ వేరువేరు రోజుల్లో నడుస్తాయి.

అంకీ చేయలేనిది మాట్లాడించడం. అవతలి మనిషి ఏమంటారో తెలియక, విని, ఆ క్షణంలో జవాబు అల్లుకోవడం ఏ కార్డూ నేర్పదు. రెండేళ్లు ఒక్కరోజు తప్పకుండా కార్డులు తిప్పి, ఒక్కసారీ ఫోన్ చేయనివాళ్ల కంటే, కార్డులే లేకుండా వారానికోసారి హోస్ట్ కుటుంబంతో ఇరవై నిమిషాలు మాట్లాడేవాళ్ల భాష బాగుంటుందని మా గట్టి అభిప్రాయం. రెండిటినీ కలిపితేనే అంకీకి పూర్తి విలువ. దానికో దారి ఉంది. కార్డుల బ్రౌజర్‌లోని వెతికే పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాల్లో రేటెడ్:7:1 (rated:7:1) అని టైపు చేస్తే, గత ఏడు రోజుల్లో మీరు అగైన్ నొక్కిన కార్డులు మాత్రమే బయటికొస్తాయి. అందులోంచి మూడు వాక్యాలు కాగితం మీద రాసుకుని, ఆ వారం ఫోన్‌లో ఎలాగైనా వాడండి. నిజమైన మనిషితో ఒక్కసారి అన్న మాట తర్వాతి సమీక్షలో ఇట్టే వస్తుంది. అలా వాడటానికి ఏ సందర్భమూ దొరకని కార్డు నెలల తరబడి తప్పవుతూనే ఉంటే దాన్ని సస్పెండ్ చేయడంలో, అంటే ఇక రాకుండా ఆపడంలో, తప్పు లేదు.

సర్టిఫికెట్ పరీక్ష రాయాలనుకునేవాళ్లకు మాత్రం ఈ సొంత డెక్ సరిపోదు. జపనీస్ ప్రావీణ్య పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడే భాగమే లేదు, వ్యాకరణం, కంజీ, చదవడం, వినడం ముఖ్యం. ఇంటి భాషతో నిండిన డెక్ అక్కడ అంతగా ఆదుకోదు. దానికి వేరే డెక్ పెట్టి, వేరే సెట్టింగులతో, పరీక్ష తేదీ దాకా 0.90 దగ్గర నడిపి, పరీక్ష అయ్యాక ఆపేయండి. డెల్ఫ్ లాంటి ఫ్రెంచ్ పరీక్షలో మాట్లాడే భాగం ఉంది కాబట్టి అక్కడ ట్యాగ్‌లు అక్కరకొస్తాయి. ‘కొత్తవాళ్లతో’ ట్యాగ్ ఉన్న కార్డులే పరీక్షకు ముందు నెలంతా తిప్పండి.

ఎవరికి సరిపడదంటే, ఆతిథ్య దేశం భాష అసలు వాడకుండా ఇంగ్లిష్‌తోనే గడిపి వచ్చినవాళ్లకు. వాళ్ల దగ్గర నిలబెట్టుకోవడానికి వాక్యాల సరుకు ఉండదు, వాళ్లు ముందు ఒక కోర్సులో చేరాలి. రోజూ ఆ భాష మాట్లాడే ఉద్యోగంలోకి వెళ్లినవాళ్లకూ దీని అవసరం తక్కువే. మిగతావాళ్లు మొదటి నెల దాటిపోయినా సరే, చాట్ ఫైలు చెరిగిపోకముందే ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఫోన్ మార్చేటప్పుడు బ్యాకప్ కుదరక పాత చాట్‌లు పోవడం తరచూ జరిగేదే, అవి పోతే ఈ డెక్‌కు కావాల్సిన సరుకులో ఎక్కువ భాగం పోయినట్టే.